ఉద్దానములో దాహము: మూత్రపిండ రోగి ఎంత నీరు త్రాగవలెను?

శ్రీకాకుళము జిల్లాకు ఉత్తరపు కొనయందు, ఒకవైపు మహేంద్రగిరి కొండలు, వేరొకవైపు సముద్రము హద్దులుగా, ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలో వ్యాపించియున్న సీమను ఉద్దానమని పిలుతురు. ఉద్యానమను మాటయే వాడుకలో ఉద్దానమైనదని చెప్పుదురు. ఆ పేరు తగియే యున్నది. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో ఎటు చూచినను పచ్చదనమే. పలాస జీడిపప్పు దేశమంతటను పేరుగాంచినది. ఇట్టి చల్లని సీమలో మూడు దశాబ్దములుగా మూత్రపిండముల వ్యాధి ఇంటింటను తిరుగుచున్నది. ఆ వ్యాధి సోకని కుటుంబము కొన్ని గ్రామములలో అరుదు.

విశాఖపట్టణమునకు చెందిన మూత్రపిండ వైద్యనిపుణులు డాక్టరు టి. రవిరాజుగారును, వారి సహచరులును ఈ ప్రాంతపు గ్రామములలో పరిశీలన జరిపి, 2019వ సంవత్సరమున దాని ఫలితములను ప్రకటించిరి. రెండువేల రెండువందల పైచిలుకు మందిని పరీక్షింపగా నూటికి సుమారు 18 మందిలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి కానవచ్చినది. వారిలో ఎక్కువమందికి మధుమేహము గాని, దీర్ఘకాలపు రక్తపోటు గాని, తెలిసిన ఇతర కారణము గాని లేదు. త్రాగు నీటిలోని సిలికా, లోహములు, పురుగుమందులు, ఎండలో కష్టించుట వలన కలుగు నీటి కొరత, ఒళ్ళునొప్పులకు విచ్చలవిడిగా వాడు మాత్రలు, వంశపారంపర్యము, ఇట్లు అనేకములపై అనుమానము కలదు. ఏదియు ఇదమిత్థమని ఇంకను తేలలేదు.

కారణము తేలకపోయినను రోగి ప్రతిదినము ఎదుర్కొను ప్రశ్న ఒకటి యున్నది. అది చిన్నదిగా కనిపించును. ఎంత నీరు త్రాగవలెను?

ఒక కుటుంబమును ఊహింతము. అన్నకు నలువది ఎనిమిదేండ్లు. వారమునకు మూడుసార్లు డయాలసిస్ కొరకు సోంపేటకో పలాసకో పోవుచుండును. తమ్మునికి ముప్పది ఐదేండ్లు. కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపును. ఆరోగ్య శిబిరములో రక్తపరీక్ష చేయగా క్రియాటినిన్ 1.8 అని వచ్చినది. డాక్టరుగారు అన్నతో "నీళ్ళు తగ్గించుకోవాలి" అనిరి. తమ్మునితో "ఎండలో పనిచేసేటప్పుడు నీళ్ళు మానకు" అనిరి. ఇంటివద్ద తల్లికి ఈ రెండు మాటలును పొసగుట లేదు. "ఏటి బాబూ, ఇద్దరిదీ ఒకటే రోగమంటారు. ఒకడ్ని తాగమంటారు, ఒకడ్ని తాగొద్దంటారు. మీ మాట ఏది నమ్మాల?" అని ఆమె అడుగును. అన్నను చూచి భయపడి తమ్ముడు నీరు మానివేయును. తమ్మునికి చెప్పినది విని, "నీళ్ళు తాగితే కిడ్నీ కడుక్కుపోద్ది" అని ఇరుగుపొరుగువారు అన్నకు చెంబులతో నీరిత్తురు. ఇద్దరికిని కీడే జరుగును. ఇట్టి పొరపాటు మన గ్రామములలో జరుగుచునే యున్నది.

ఆ తల్లి ప్రశ్నకు సమాధానము తెలియవలెనన్న మూత్రపిండము చేయు పనిని కొంచెము తెలిసికొనవలెను.

వడపోత

మనిషికి నడుమునకు పైభాగమున, వెన్నెముకకు ఇరువైపుల పిడికిలంత పరిమాణముగల రెండు మూత్రపిండములు కలవు. ఒక్కొక్కదానిలో సుమారు పది లక్షల సూక్ష్మమైన జల్లెడలున్నవి. ఇవి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడగట్టును. ఇంత ద్రవమును మనము విసర్జింపము గదా! జల్లెడ వెనుక నుండు సన్నని గొట్టములు అందులో నూటికి తొంబది తొమ్మిది పాళ్ళు తిరిగి రక్తములోనికి చేర్చుకొనును. మిగిలిన లీటరున్నర, రెండు లీటర్లు మాత్రమే మూత్రముగా వెలికి వచ్చును. కావున మూత్రపిండమునకు వడగట్టుట ఒక విద్య. కావలసిన నీటిని తిరిగి పట్టి యుంచుట రెండవ విద్య. ఈ రెండవ విద్య గొప్పతనమును మనము సాధారణముగా గుర్తింపము.

మనము తిను ఆహారమునుండి ప్రతిదినము కొన్ని మలినములు, లవణములు పుట్టును. వీటిని మూత్రములో కరిగించి పంపవలెను. ఆరోగ్యవంతుడు నీరు దొరకనినాడు ఈ మలినములన్నింటిని అర లీటరు మూత్రములో ఇమిడ్చి చిక్కగా పంపగలడు. వ్యాధి ముదురుచున్నకొలది ఈ చిక్కబరచు శక్తి తగ్గిపోవును. అప్పుడు అవే మలినములను పంపుటకు రెండు లీటర్ల మూత్రము కావలసి వచ్చును. అందుచేతనే వ్యాధి తొలిదశలోని రోగి రాత్రులందు రెండు మూడుసార్లు మూత్రమునకు లేచును. "మూత్రము బాగా వచ్చుచున్నది, నాకు రోగమేమి?" అని అతడు ధైర్యము చెప్పుకొనును. అది ధైర్యము చెప్పుకొనదగినది కాదు. పలుచని మూత్రము ఎక్కువగా వచ్చుటయే ఒక సూచన.

ఉద్దానములోని వ్యాధి ఎక్కువగా ఈ గొట్టములను, వాటి చుట్టునుండు కణజాలమును దెబ్బతీయును. ఆ కారణముచేత చాలమందిలో తొలిదశలలో కాళ్ళవాపు ఉండదు, మూత్రములో మాంసకృత్తులు ఎక్కువగా పోవు, రక్తపోటు సైతము పెరుగకపోవచ్చును. నీటితోబాటు ఉప్పును కూడ నిలుపుకొనలేని రోగులుందురు. ఇట్టివారు ఇతరులను చూచి నీరు మానినచో శరీరములో నీరు తరిగి, మూత్రపిండములకు రక్తప్రసారము తగ్గి, మిగిలియున్న శక్తి కూడ వేగముగా క్షీణించును.

తొలిదశలలోని రోగికి

వైద్యులు రక్తములోని క్రియాటినిన్ కొలతనుబట్టి, వయస్సును, స్త్రీపురుష భేదమును లెక్కించి, వడపోత శక్తిని ఒక సంఖ్యగా చెప్పుదురు. ఆరోగ్యవంతులకు అది 90కి పైన నుండును. 60కి దిగువ మూడు మాసములకు మించి నిలిచినచో దీర్ఘకాలిక వ్యాధి యని నిర్ణయింతురు. 30కి దిగువ వచ్చినచో తీవ్రము. 15కి దిగువ వచ్చినచో డయాలసిస్ గాని, మూత్రపిండ మార్పిడి గాని ఆలోచింపవలసిన కాలము. మన తమ్ముని వంటి ముప్పది ఐదేండ్ల పురుషునికి క్రియాటినిన్ 1.8 అనగా వడపోత శక్తి సుమారు 50. సగము పోయినది, సగము మిగిలినది.

కాళ్ళవాపు, ఆయాసము, గుండెజబ్బు లేక, మూత్రము బాగుగా వచ్చుచున్న ఇట్టి రోగికి నీటిపై నిర్బంధము అక్కరలేదు. దాహమునుబట్టి త్రాగవలెను, చెమట పట్టిన దినమున మరికొంత త్రాగవలెను. మూత్రము లేత పసుపురంగులో ఉండునట్లు చూచుకొనుట సులభమైన కొలబద్ద. సామాన్యముగా దినమునకు రెండు, రెండున్నర లీటర్లు సరిపోవును. వేసవిలో తోటపని చేయువానికి ఇది చాలదు.

మరి, ఎక్కువ నీరు త్రాగినచో వ్యాధి నయమగునా? ఈ నమ్మకము మన దేశములోనే కాదు, అంతటను కలదు. కెనడా దేశములోని ఒంటారియో రాష్ట్రమున వైద్యులు దీనిని పరీక్షించి చూచిరి. మూడవ దశలోని 631 మంది రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టువారిని రోజూ త్రాగు నీటికి అదనముగా లీటరు మొదలు లీటరున్నర వరకు త్రాగుమని ప్రోత్సహించిరి. రెండవ జట్టువారిని వారి అలవాటు ప్రకారమే ఉండుమనిరి. ఒక సంవత్సరము గడచిన పిమ్మట చూడగా రెండు జట్లలోను వడపోత శక్తి ఇంచుమించు సమానముగనే తగ్గినది. ఈ ఫలితము 2018లో ప్రకటింపబడినది. దాహమునకు మించి బలవంతముగా చెంబులకు చెంబులు త్రాగినందువలన మూత్రపిండము బాగుపడదని దీనినిబట్టి తెలియుచున్నది. అయితే దాహమును అణచుకొని ఎండలో పనిచేయవచ్చునని ఆ పరీక్ష చెప్పలేదు. కెనడాలో చల్లని గదులలో కూర్చుండువారికి, చైత్ర వైశాఖములలో మన తీరమున చెట్లెక్కువారికి ఎంతో వ్యత్యాసము కలదు.

ఎండదెబ్బకును మూత్రపిండములకును గల సంబంధమును మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగువా దేశముల చెరకు కార్మికులు లోకమునకు చూపిరి. అక్కడను కారణము తెలియని మూత్రపిండ వ్యాధితో వేలాది యువకులు మరణించిరి. శ్రీలంకలో అనురాధపురము, పొలొన్నరువ ప్రాంతములలో వరి రైతులకు ఇట్టి వ్యాధియే వచ్చినది. మధ్య అమెరికాలోని కొన్ని చెరకు క్షేత్రములలో పనివారికి గంటగంటకు విశ్రాంతియు, నిలుచుటకు నీడయు, చేతికందు దూరములో మంచినీరును ఏర్పాటు చేయగా, కోతకాలమున మూత్రపిండములకు కలుగు ఆకస్మిక హాని తగ్గినదని పరిశోధకులు కనుగొనిరి. కావున మన తోటల యజమానులు కూలివారిని పనిలోనికి పిలుచునప్పుడు కుండెడు నీరు, చెట్టునీడ, నడుమ నడుమ తీరిక ఇచ్చుట దయ అనుకొనరాదు. అది పనిలో భాగమే. ఆరోగ్యవంతుడైన కూలి మిక్కిలి ఎండలో సుమారు ఇరువది నిమిషములకొక గ్లాసెడు నీరు త్రాగుట మంచిది. ఒకేసారి ముంతెడు త్రాగి, గంటలకొలది ఊరకుండుట మంచిది కాదు. చక్కెర కలిపిన సీసా పానీయములు నీటికి బదులు కానేరవు.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. సాయంకాలమున పని ముగించి, ఒళ్ళు నొప్పులని దుకాణములో మాత్ర కొని మ్రింగుట మన ప్రాంతమున పెద్ద అలవాటు. శరీరములో నీరు తరిగియున్నప్పుడు డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు మూత్రపిండమునకు పోవు రక్తమును ఇంకను తగ్గించును. మూత్రపిండ వ్యాధి యున్నవారు ఈ మాత్రలను ముట్టరాదు. ఉద్దానములో ఇప్పటికే క్రియాటినిన్ హెచ్చినవారు ఆరోగ్య కేంద్రమునకు పోయినప్పుడెల్ల ఆ సంగతి ముందుగా చెప్పవలెను.

శుభ్రత వేరు, కొలత వేరు

2017 నుండి ఉద్దానము గ్రామములలో శుద్ధిచేసిన నీటి కేంద్రములు నెలకొల్పబడినవి. తరువాత సుమారు ఏడు వందల కోట్ల రూపాయల వ్యయముతో హిరమండలము జలాశయమునుండి వంశధార నీటిని గొట్టములద్వారా తెచ్చు పథకమును, పలాసలో 200 పడకల ఆసుపత్రియు, కిడ్నీ పరిశోధన కేంద్రమును 2023 డిసెంబరు 14న ప్రారంభింపబడినవి. బావినీటిపై అనుమానమున్న ప్రాంతమునకు నదినీరు వచ్చుట ఎంతయు సంతోషింపదగిన విషయము. దానితో ఒక అపోహ కూడ వ్యాపించినది. "మంచి నీరు వచ్చినది గదా, ఎంత త్రాగిన అంత మంచిది" అని కొందరు డయాలసిస్ రోగులు కూడ అనుకొనుచున్నారు. నీరు ఎంత శుభ్రమైనదైనను, మూత్రము రాని శరీరములో అది పోవుటకు దారి లేదు. కడవ నిండినను పోయుచున్నచో గంగాజలమైనను పొర్లును గదా.

డయాలసిస్ చేయించుకొను రోగికి

ఇక అన్న విషయము. ఇతని మూత్రపిండములు దాదాపుగా పనిచేయుట లేదు. దినమునకు వచ్చు మూత్రము బహు స్వల్పము. త్రాగిన నీరు రక్తనాళములలోను, కాళ్ళలోను, కడపట ఊపిరితిత్తులలోను చేరును. రాత్రివేళ పడుకొనలేక, దిండ్లు ఎత్తుగా పెట్టుకొని, కూర్చుండి తెల్లవార్చువారిని చూచుచున్నాము. దానిని ఉబ్బసమని భ్రమపడువారును కలరు. అది ఊపిరితిత్తులలో నీరు చేరుట. ఆలస్యము చేసినచో ప్రాణాపాయము.

ఇట్టివారికి వైద్యులు చెప్పు లెక్క తేలికైనది. ముందటి దినమున వచ్చిన మూత్రము ఎంతో అంతయు, దానిపై అర లీటరును. చెమట, శ్వాస, మలము ద్వారా పోవు నీటికి ఆ అర లీటరు సరిపోవును. మూత్రము 300 మిల్లీలీటర్లు వచ్చినచో 800 మిల్లీలీటర్లు త్రాగవచ్చును. మూత్రమే రానివారికి అర లీటరు మొదలు ముప్పావు లీటరు వరకు. రోగి శరీరమునుబట్టి, గుండె స్థితినిబట్టి, వేసవి చెమటనుబట్టి డాక్టరు దీనిని మార్చును. కావున మీ డాక్టరు చెప్పిన సంఖ్యయే మీకు ప్రమాణము.

మూత్రము కొలుచుట ఎట్లు? ఉదయము లేవగానే వచ్చు మూత్రమును వదలివేయవలెను. అది మొదలు మరునాటి ఉదయము లేవగానే వచ్చునది కలుపుకొని, అంతయు ఒక పెద్ద సీసాలో పట్టి కొలువవలెను. వారమునకొకసారి చేసిన చాలును. పూర్వము గిద్ద, సోల, తవ్వ అని కొలిచెడి మన ఇండ్లలో ఇప్పుడు మిల్లీలీటర్ల గీతలుగల సీసాలు దొరకుచున్నవి. గీతలులేని గ్లాసైనను ఒకసారి కొలిచి, అది ఎంత పట్టునో తెలిసికొన్న సరిపోవును.

800 మిల్లీలీటర్ల దినము ఎట్లు గడపవచ్చునో చూతము. ఉదయము టీ 100. మాత్రలు మ్రింగుటకు 50 చొప్పున రెండుసార్లు 100. మధ్యాహ్న భోజనములో చారు 100, భోజనముతో నీరు 150. సాయంకాలము టీ 100. రాత్రి భోజనముతో 150. మిగిలిన 100 దాహమునకు. ఇంతే. చదువుటకు తేలికగా ఉన్నది, వేసవి మధ్యాహ్నమున దీనిని పాటించుట ఎంత కష్టమో పాటించినవారికే తెలియును. ఇంటిలోనివారు ఎదుట కూర్చుండి చల్లని మజ్జిగ త్రాగుట కూడ అతనికి శిక్షయే.

నీరనగా మంచినీరు మాత్రమే అనుకొనుట రెండవ పొరపాటు. టీ, కాఫీ, పాలు, మజ్జిగ, చారు, పులుసు, గంజి, చోడి అంబలి, కల్లు, చద్దన్నములో పోసిన నీరు, మంచుముక్క, ఐస్‌క్రీము, ఇవన్నియు లెక్కలోనికి వచ్చును. "నేను గ్లాసెడు నీరైనను త్రాగలేదు, బరువెట్లు పెరిగినది?" అని డయాలసిస్ కేంద్రమున ఆశ్చర్యపడు రోగి ఉదయము చెంబెడు అంబలియు, మధ్యాహ్నము రెండు గరిటెల చారును మరచిపోయి యుండును.

యంత్రమునకును హద్దు కలదు

"ఎక్కువ త్రాగితిమి, డయాలసిస్‌లో తీసివేయుదురు లే" అనువారున్నారు. యంత్రము తీయగలదు, శరీరము ఓర్వలేదు. డయాలసిస్‌లో రక్తమునుండి నీటిని త్వరత్వరగా లాగినచో రక్తపోటు పడిపోవును, పిక్కలు పట్టుకొనును, వాంతులగును, గుండె దెబ్బతినును. కిలో బరువునకు గంటకు 13 మిల్లీలీటర్లకు మించి తీయుట హానికరమని వైద్యుల అనుభవము. ఏబది కిలోల రోగికి అది గంటకు 650 మిల్లీలీటర్లు. నాలుగు గంటలలో 2.6 లీటర్లు. మన ప్రాంతపు రోగులలో ఏబది కిలోల బరువైనను లేనివారు పెక్కుమంది. రెండు డయాలసిస్‌ల నడుమ నాలుగు కిలోలు పెరిగి వచ్చినచో నాలుగు గంటలలో ఆ నీటినంతను సురక్షితముగా తీయుట అసాధ్యము. కొంత మిగిలిపోవును. అది తరువాతి వారమునకు అప్పుగా చేరును.

లీటరు నీరు బరువులో ఒక కిలో. కావున తూనిక యంత్రమే రోగికి నిజము చెప్పు స్నేహితుడు. ఉదయము మూత్రవిసర్జన పిమ్మట, ఆహారమునకు ముందు, ఒకే విధమైన దుస్తులతో బరువు చూచుకొని గోడమీది కాలెండరుపై వ్రాసికొనవలెను. డయాలసిస్ ముగిసిన పిమ్మట వాపు, ఆయాసము లేకుండ నుండు బరువును పొడి బరువు అందురు. రెండు డయాలసిస్‌ల నడుమ పెరుగుదల ఆ పొడి బరువులో నూటికి నాలుగు, నాలుగున్నర పాళ్ళు దాటరాదు. ఏబది కిలోలవారికి రెండు కిలోలు, రెండుంబావు కిలోలు. ఇంటిలో యంత్రము లేనివారు ఆరోగ్య ఉపకేంద్రమున చూచుకొనవచ్చును. ఆశా కార్యకర్తలు ఈ విషయమున సహాయము చేయగలరు.

ఉప్పు

నీటిని గూర్చి ఇంత చెప్పి ఉప్పును గూర్చి చెప్పకపోయినచో సగమే చెప్పినట్లు. దాహమును పుట్టించునది ఉప్పు. రక్తములోని ఉప్పు సాంద్రత లీటరుకు సుమారు 9 గ్రాములు. అనగా 9 గ్రాముల ఉప్పు తిన్నవాని శరీరము లీటరు నీటిని కోరును, త్రాగించి తీరును. మనసును ఎంత బిగబట్టినను లాభము లేదు. ఉప్పు తగ్గింపక నీరు తగ్గించుమని రోగిని గద్దించుట అన్యాయము. దినమునకు 5 గ్రాములకు లోపల, అనగా చిన్న చెంచాడు ఉప్పు, ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికిని చెప్పిన హద్దు. మన తీరప్రాంతములో ఆవకాయ ముక్క, ఎండుచేపల కూర, అప్పడము ఒకే పూట కంచములో చేరినచో ఆ హద్దు ఆ పూటతోనే దాటిపోవును. ఎండుచేప మానలేనివారిని నేను చాలమందిని ఎరుగుదును. మానలేకపోయినచో ఆదివారమునకు పరిమితము చేయుమని మాత్రమే చెప్పగలుగుచున్నాను.

తక్కువ సోడియము ఉప్పు అని దుకాణములలో అమ్మునది మూత్రపిండ రోగులకు తగదు. అందులో సోడియమునకు బదులు పొటాషియము కలుపుదురు.

పొటాషియమనగా కొబ్బరిబొండము మాట వచ్చును. ఉద్దానమున అతిథికి మొదట ఇచ్చునది బొండమే. వంద మిల్లీలీటర్ల కొబ్బరినీటిలో 200 మిల్లీగ్రాములకు పైగా పొటాషియము ఉండును. ఒక పెద్ద బొండములో మూడు వందల మిల్లీలీటర్లకు మించి నీరుండును గనుక 600 మిల్లీగ్రాములకు తక్కువ కాదు. ఆరోగ్యవంతునికి అది అమృతము. మూత్రము రాని రోగి రక్తములో ఆ పొటాషియము పేరుకొని గుండె లయను తప్పించును, హఠాత్తుగా ఆపివేయును. ముందుగా నొప్పి యుండదు, ఆయాసముండదు. "వేడి చేసింది, బొండం తాగు నాయనా" అని ప్రేమతో ఇచ్చు చేతులే అపాయము తెచ్చిపెట్టును. డయాలసిస్ రోగికి బొండము ఇవ్వరాదు. తొలిదశలోనివారు తమ రక్తములోని పొటాషియమును పరీక్షింపజేసికొని, డాక్టరు సమ్మతితోనే త్రాగవలెను.

దాహమును ఓర్చుకొనుటకు

పెద్ద గ్లాసు మాని చిన్న గ్లాసు వాడుట, ఉదయమే ఆ దినపు నీటిని ఒక సీసాలో పోసికొని దానినుండియే త్రాగుట, నోరు పుక్కిలించి ఉమ్మివేయుట, నిమ్మచెక్కను నాలుకకు తాకించుట, మాత్రలను భోజనపు నీటితోనే మ్రింగుట, నీడపట్టున ఉండుట, ఇవి అనుభవములో మేలు చేసినవి. మంచుముక్కను నోటిలో ఉంచుకొనిన దాహము ఎక్కువసేపు తీరును, నీరు తక్కువ పోవును. మధుమేహము కూడ ఉన్నవారిలో చక్కెర హెచ్చినచో దాహము అణగదు. వారు ముందుగా చక్కెరను అదుపులో పెట్టుకొనవలెను.

వాంతులు, విరేచనములు వచ్చినప్పుడు లెక్క మారిపోవును. తొలిదశలోని రోగి ఆ దినములలో నీరు తగ్గింపరాదు. లవణ ద్రావణము త్రాగుచు ఆసుపత్రికి పోవలెను. రక్తపోటుకు, మూత్రము జారీ అగుటకు వాడుచున్న కొన్ని మాత్రలను ఆ రెండు మూడు దినములు ఆపవలసి యుండును. ఏవి ఆపవలెనో డాక్టరునే అడుగవలెను. డయాలసిస్ రోగి లవణ ద్రావణము కూడ అడిగియే త్రాగవలెను. అందులో పొటాషియము కలదు. లేచి నిలుచునప్పుడు కళ్ళు తిరుగుట, నాలుక ఎండుట, మూత్రము ముదురురంగుగా తగ్గిపోవుట నీటి కొరతకు గుర్తులు. పాదములు నొక్కిన గుంట పడుట, ముఖము ఉబ్బుట, వెల్లకిల పడుకొనిన ఆయాసము, రెండు దినములలో రెండు కిలోలు పెరుగుట నీరు హెచ్చినదనుటకు గుర్తులు.

తుపాను దినములు

మన తీరమునకు ప్రత్యేకమైన సంగతి ఒకటి మిగిలినది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటి ఉద్దానమును అతలాకుతలము చేసినది. కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకూలినవి. చెట్లు పడి దారులు మూసుకొనిపోయినవి. విద్యుత్తు దినముల తరబడి లేదు. అట్టివేళ డయాలసిస్ కేంద్రమునకు పోవుట కష్టము. పోయినను విద్యుత్తు, నీరు లేనిదే యంత్రము నడువదు. ఆశ్వయుజ కార్తికములలో తుపానులు మనకు కొత్త కాదు గదా.

కావున హెచ్చరిక వినగానే, డయాలసిస్ వంతు మరునాడున్నను, ముందుగానే కేంద్రమునకు పోయి చేయింపుమని అడుగవలెను. పొడి బరువు, వాడు మందులు, రక్తవర్గము, కేంద్రపు ఫోను నెంబరు ఒక కాగితముపై వ్రాసి, తడియని సంచిలో ఉంచుకొనవలెను. దారి మూసుకొనిపోయి వంతు తప్పినచో ఆ దినములలో నీటిని మామూలు లెక్కలో సగమునకు తగ్గించి, ఉప్పును, పండ్లను మాని, ఉడికించి వార్చిన అన్నముతో గడపవలెను. ఆయాసము వచ్చినచో దారి తెరచువరకు ఎదురుచూడక సహాయ బృందములకు, 108కి తెలుపవలెను.

తుపాను వెలిసిన ఉదయమున తోటలలో బొండములు నేలపై కుప్పలుగా పడియుండును. మంచినీరు కరవైన వేళ అందరును అవే కొట్టుకొని త్రాగుదురు, ఇరుగుపొరుగువారికి పంచుదురు. డయాలసిస్ రోగియున్న ఇంటిలో మాత్రము ముందటి రాత్రియే రెండు సీసాల కాచి చల్లార్చిన నీరు అతని పేర వేరుగా దాచి యుంచవలెను.